చెఱసాల లెక్క

ఓడినవాడు కోర్టులో ఏడ్చెను, గెలిచినవాడు ఇంటికి వచ్చి ఏడ్చెను అని మనవారొక సామెత చెప్పుదురు. వ్యాజ్యములకగు వ్యయమును, వాయిదాల పేరిట జరుగు కాలహరణమును ఎఱిగిన పల్లెవారి యనుభవమునుండి పుట్టిన మాట యది. ఐనను ఈ సామెతలో ఇద్దఱే కలరు. ఓడుటకు గాని గెలుచుటకు గాని అవకాశమే దొరకక, తన విచారణ ఎప్పుడు వచ్చునో, అసలు వచ్చునో రాదో యెఱుగక చెఱసాలలో కూర్చున్న మూడవవాడొకడు కలడు. వానిని గూర్చి సామెత పుట్టలేదు. ఊరికి తిరిగి వచ్చి తన కథ చెప్పుకొనువాడైనగదా సామెత పుట్టుట! ఆ మూడవవానికి న్యాయస్థానపు తలుపు తెఱచు భారము ఎవ్వరిది, ఆ భారమును మోయవలసినవారు కాలక్రమమున ఏమేమి జవాబులు చెప్పుచు వచ్చిరి అనునది ఈ వ్యాసమునందు మేము విచారింపదలచిన విషయము.

మన రాజ్యాంగము ననుసరించి పోలీసు బలగమును చెఱసాలలును రాష్ట్రముల జాబితాలోనివి. ఒకనిని పట్టుకొనువాడు రాష్ట్ర ప్రభుత్వోద్యోగి; వానిని బంధించి యుంచునది ఆ ప్రభుత్వపు చెఱసాల; వానిపై నేరము మోపి వాదించు ప్లీడరునకు సొమ్మిచ్చునది ఆ ప్రభుత్వపు ఖజానాయే. ఇన్నింటికి దొరకిన ధనము, ఆ నిందితుని పక్షమున ఒక్క మాట చెప్పుటకు ఒక వకీలును కుదుర్చుమన్నప్పుడు మాత్రము దొరకకుండెను. చిరకాలము ఇది ఎవ్వరికిని వింతగ తోచలేదు. బీదవానికి వకీలు నిచ్చుట ప్రభుత్వమునకు దానధర్మము వంటిదనియు, ఇచ్చిన మెచ్చుకొనవచ్చును గాని ఇయ్యనియెడల అడుగుటకు హక్కు లేదనియు పెద్దలు సైతము తలచిరి. ఈ తలంపు మాఱుటకు బీహారు చెఱసాలలు ముఖ్య కారణములైనను, కథకు మొదలు మన నల్లగొండ జిల్లాలోనే కలదు.

1948 సెప్టెంబరులో భారత సైన్యము హైదరాబాదు సంస్థానమున ప్రవేశించెను. నైజాము ప్రభుత తొలగి సైనిక గవర్నరు జె. ఎన్. చౌదరి పాలనము నెలకొనెను. నల్లగొండ, వరంగల్లు జిల్లాలలో రైతుల సాయుధ పోరాట మింకను చల్లారలేదు. ఆ సమయమున 1358 ఫసలీలో వెలువడిన ఒక శాసనము ననుసరించి ప్రత్యేక న్యాయమండలులు ఏర్పడెను. హత్యాదులగు నేరములు మోపబడిన రైతులను అవి విచారించి, 1949 ఆగస్టులో పండ్రెండుమందికి మరణదండన విధించెను. డిసెంబరులో హైదరాబాదు హైకోర్టు ఆ శిక్షలను ఖాయపఱచెను. వారు నేరము చేసిరా లేదా యనునది ఇచట మాకు ప్రస్తుతము కాదు. మేమడుగుచున్నది వేఱొకటి. ప్రాణముపోవు విచారణలో వారి పక్షమున వకీలు లేడు. సంస్థానపు న్యాయస్థానములలో అధికార భాష ఉర్దూ. నల్లగొండ రైతు మాట తెలుగు. 1921లో హైదరాబాదునందు జరిగిన సంఘసంస్కార సభలో అల్లంపల్లి వెంకటరామారావుగారను వకీలు తెలుగున మాటాడబోగా సభ్యులు గేలిచేసిరనియు, ఆ యవమానమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టెననియు మన చదువరులెఱుగుదురు. చదువుకొన్న వకీలునకే సభలో ఆ గతి పట్టినప్పుడు, బోనులో నిలిచిన రైతు సంగతి చెప్పవలెనా?

ఆ రైతులు సుప్రీముకోర్టు నాశ్రయించిరి. వారి పక్షమున వాదించుటకు ఇంగ్లండునుండి డి. ఎన్. ప్రిట్ అను ప్రసిద్ధ న్యాయవాది వచ్చెను. తరువాతి కాలమున కెన్యాలో జోమో కెన్యాట్టా పక్షమున వాదించినవాడితడే. మొదటి ప్రయత్నము గడప దాటకమునుపే ఆగిపోయెను. హైకోర్టు తీర్పు 1949 డిసెంబరు నాటిది; రాజ్యాంగము 1950 జనవరి 26న అమలునకు వచ్చినది. అంతకుముందే ముగిసిన హైదరాబాదు తీర్పుపై అప్పీలు వినుటకు తమకధికారము లేదని సుప్రీముకోర్టు 1950 డిసెంబరులో చెప్పెను. కొన్ని వారముల వ్యత్యాసమున పండ్రెండు ప్రాణములు రెండు యుగముల నడుమనున్న సందులో పడెనన్నమాట. పిమ్మట ప్రాథమిక స్వత్వముల పేరిట వేఱుగ పిటిషన్లు పెట్టిరి. వకీలు లేని విచారణ విచారణయే కాదని అందలి ముఖ్యవాదములలో నొకటి.

ఈ వాదమునకు ఆధారముగ అమెరికాలోని అలబామా రాష్ట్రపు వ్యాజ్యమొకటి ఉదాహరింపబడెను. 1931 మార్చిలో ఆ రాష్ట్రమున తొమ్మిదిమంది నల్లజాతి కుఱ్ఱలపై మానభంగ నేరము మోపి, కొలది వారములలోనే స్కాట్సుబరో పట్టణమున విచారించి, ఎనమండుగురికి మరణదండన విధించిరి. అచటి న్యాయాధిపతి, ఊరిలోని వకీళ్లందఱును వీరి పక్షమున నుందురుగాక యని చెప్పి ఊరకుండెను. అందఱకు నప్పగించిన పని ఎవ్వరికిని అప్పగింపనిదే యగునని వేఱుగ చెప్పనక్కఱలేదు. 1932 నవంబరులో అమెరికా సుప్రీముకోర్టు ఆ శిక్షలను రద్దుచేసి, ప్రాణముపై వచ్చిన వ్యాజ్యములో నిస్సహాయుడైన నిందితునకు వకీలును కుదుర్చుట న్యాయస్థానపు విధియని నిర్ణయించెను.

1951 మార్చి 16న మన సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. తీర్పు వ్రాసినవారు జస్టిసు ఫజల్ అలీ. వకీలును పెట్టుకొను హక్కును గూర్చిన సూత్రమును నిందితునకు అనుకూలముగ ఉదారబుద్ధితో చదువవలెననియు, ప్రాణదండనకు తగిన నేరములలో బీదవానికి వకీలును కుదుర్పవలెనని హైకోర్టులు పెట్టుకొన్న నియమములతో కలిపి దానిని గ్రహింపవలెననియు వారంగీకరించిరి. కాని అమెరికా సిద్ధాంతము ఈ దేశమునకు యథాతథముగ వర్తింపదనిరి. వకీలు లేనంతమాత్రమున ప్రతి విచారణయు చెల్లదని చెప్పజాలమని తేల్చి పిటిషన్లను కొట్టివేసిరి. మరణదండనలు తరువాత యావజ్జీవ శిక్షలుగ మార్చబడుట చేత ఆ రైతుల ప్రాణములు నిలిచెను. సూత్రము మాత్రము నిలువలేదు. న్యాయమూర్తులు కఠినహృదయులని మేమనము. రాజ్యాంగమునకు ఏడాది నిండి యింకను రెండు నెలలు కాలేదు. తెలంగాణమున కల్లోల మింకను ముగియలేదు. అట్టి వేళ చట్టపు అక్షరమును దాటి పోవుటకు వారికి ధైర్యము చాలలేదని మా యభిప్రాయము. ప్రభుత్వమును “నీవేల వకీలు నీయలేదు?” అని గట్టిగ అడుగవలసిన చోట, “ఈయనందువలన నష్టము జరిగెనని నీవు చూపగలవా?” అని ఖైదీని అడిగిరి. ప్రశ్న తప్పు మనిషిని చేరెను.

ఆ పిమ్మట పాతికేండ్లు నివేదికల కాలము. 1949లోనే బొంబాయి ప్రభుత్వము బీదలకు న్యాయసహాయమును గూర్చి జస్టిసు ఎన్. హెచ్. భగవతి అధ్యక్షతన ఒక సంఘము నేర్పఱచియుండెను. 1958లో లా కమీషను తన పదునాల్గవ నివేదికలో, న్యాయసహాయము ప్రభుత్వపు బాధ్యతయే గాని దయ కాదని చెప్పెను. నివేదికలు అచ్చయ్యెను, బీరువాలకు చేరెను. 1970 తరువాత గుజరాతులో ఆ భగవతిగారి కుమారుడగు పి. ఎన్. భగవతియు, ఢిల్లీలో వి. ఆర్. కృష్ణయ్యరును ఈ విషయమును మరల చేపట్టిరి. కృష్ణయ్యరు 1957లో కేరళమున మంత్రిగ నుండినవారు. అంతకు పూర్వము 1948లో తాము స్వయముగ ఖైదు ననుభవించినవారు. చెఱసాలను లోపలినుండి చూచిన న్యాయమూర్తులు మనకు ఎక్కువమంది లేరు. ఆ యనుభవము వారి తీర్పులలో కానవచ్చును.

ఇంతలో ఒక విచిత్రము జరిగెను. 1976లో, అత్యవసర పరిస్థితి నడుచుచుండగా, నలువదిరెండవ సవరణ వలన రాజ్యాంగమున 39ఏ అను అధికరణము చేరెను. పేదఱికము వలన ఏ పౌరునికిని న్యాయము దక్కకుండ పోరాదు, అందులకు రాజ్యము ఉచిత న్యాయసహాయము కల్పింపవలెను అని దాని తాత్పర్యము. అదే సంవత్సరమున, విచారణ లేకుండ నిర్బంధింపబడినవారు హెబియస్ కార్పస్ కొఱకు కోర్టునకు రాజాలరని సుప్రీముకోర్టు తీర్పు చెప్పియుండెను. ఒక చేత తలుపు మూసి, రెండవ చేత తలుపునకు తోరణము కట్టినట్లయ్యెను. ఐనను ఆ తోరణము వ్యర్థము కాలేదు. మఱి మూడేండ్లకు అదియే ఒక ప్రభుత్వమును నిలదీయుటకు ఆధారమయ్యెను.

బీహారు కథకు ముందు జామీనును గూర్చి కొంత చెప్పవలెను. దీనిని తెలియక ఆ చెఱసాలలేల నిండెనో బోధపడదు. నేరము మోపబడినవాడు విచారణ ముగియువఱకు నిర్దోషియే యని చట్టము. కావున తగిన పూచీ నిచ్చి ఇంటికి పోవచ్చును. పూచీయనగా ఆస్తిపరుడొకడు వచ్చి, ఇతడు వాయిదాకు రానియెడల ఇంత సొమ్ము నేను కట్టుదునని వ్రాసి యిచ్చుట. ఆస్తి కలవానికి అట్టి స్నేహితులుందురు. కూలివానికి ఎవ్వరుందురు? వాని బంధువులును కూలివారే. మధ్యప్రదేశమున మోతీరామను తాపీపనివాని వ్యాజ్యము ఇందుకు మంచి నిదర్శనము. వానిని జామీనుపై విడువుమని సుప్రీముకోర్టే చెప్పినను, కింది మేజిస్ట్రేటు పదివేల రూపాయల పూచీ కావలెననెను. వాని సోదరుడు పూచీ యుండెదనని రాగా, నీ ఆస్తి వేఱొక జిల్లాలో నున్నదని త్రోసిపుచ్చెను. 1978లో కృష్ణయ్యరుగారు దీనిని మిక్కిలి ఖండించి, వేయి రూపాయల ముచ్చలికపై విడుదల చేయించిరి. పదివేలు ఈయగల తాపీవాడు తాపీ యేల పట్టును అను చిన్న ప్రశ్న ఆ మేజిస్ట్రేటునకు తట్టకపోవుట వింతయే.

మోతీరామునకు సుప్రీముకోర్టువఱకు పోవు దారి దొరకెను. దొరకనివారి సంగతి 1979 జనవరి 8, 9 తేదీలలో ఇండియన్ ఎక్స్‌ప్రెస్ పత్రికలో వెలువడెను. వ్రాసినవారు కె. ఎఫ్. రుస్తుంజీ. ఆయన జాతీయ పోలీసు కమీషను సభ్యులు, తామే పోలీసు ఉద్యోగములో జీవితము గడపినవారు. బీహారు చెఱసాలలలో విచారణ ఖైదీలు ఐదేండ్లు, ఏడేండ్లు, తొమ్మిదేండ్లు, అంతకుమించియు పడియున్నారని ఆయన తెలిపెను. అందు పెక్కుమందిపై మోపిన నేరములు స్వల్పములు. నేరము ఋజువైనను పడు శిక్ష కొలది నెలలో, ఒకటి రెండేండ్లో. దోషియని తేలినవాడు ఎప్పుడో ఇంటికి పోయియుండును. తేలనివాడు లోపలనే యున్నాడు. ఈ వ్యాసములు చదివిన కపిలా హింగోరానీ యను న్యాయవాదిని సుప్రీముకోర్టులో పిటిషను పెట్టెను. ఆమె ఆ ఖైదీలకు బంధువు కాదు. ఖైదీలలో నొకతెయగు హుసేనారా ఖాతూన్ పేర ఆ వ్యాజ్యము చరిత్రకెక్కెను.

ప్రభుత్వమునకు నోటీసు పోయెను. విచారణనాడు బీహారు ప్రభుత్వపు పక్షమున ఎవ్వరును రాలేదు! తన చెఱలో ఏండ్ల తరబడి మనుష్యులు మ్రగ్గుచున్నారని దేశపు అత్యున్నత న్యాయస్థానము అడుగుచుండగా, ఔనని గాని కాదని గాని చెప్పుటకు ఒక్క మనిషిని పంపుట ఆ ప్రభుత్వమునకు తోచలేదు. జవాబు లేదు గనుక పత్రికలో వ్రాసినది నిజమని యెంచియే ముందునకు సాగుదుమని భగవతి, పాఠక్, కోశల్ అను ముగ్గురు న్యాయమూర్తులనిరి. పేర్లు తెలిసిన ఖైదీలను స్వంత ముచ్చలికపై, పూచీదారులు లేకుండ, విడువుమనిరి. ఫిబ్రవరి 12 నాటి తీర్పులో జామీను పద్ధతి ధనవంతులకే అనుకూలముగ నున్నదని విమర్శించిరి. త్వరిత విచారణ జీవితస్వేచ్ఛలను కాపాడు 21వ అధికరణములోని భాగమే యని చెప్పిరి.

విడుదల కన్న మాకు ముఖ్యముగ తోచునది ఆ కోర్టు ప్రభుత్వముచేత వ్రాయించిన లెక్క. ఏ చెఱసాలలో ఎందఱు విచారణ ఖైదీలు, ఏ సంవత్సరమునుండి, ఏ నేరముపై ఉన్నారో జాబితా నిమ్మని కోరిరి. ప్రభుత్వము ఇచ్చుచుండగా, ఇచ్చినది చాలక మరల అడుగుచుండగా, కొత్త సంగతులు బయలుపడెను. కొందఱు స్త్రీలు నేరము చేసినవారు కారు. నేరమునకు గుఱియైనవారో, సాక్షులో! వారిని “రక్షణ” పేరిట చెఱలో నుంచిరి. దొంగను కాపాడుటకు చెఱసాల కట్టిరని వినియుంటిమి గాని, దోచుకొనబడినదానిని పెట్టుటకు కట్టిరని ఎఱుగము. వారిని విడిచి సంరక్షణాలయములకు పంపుమని కోర్టు శాసించెను. తన చెఱసాలలలో ఎవ్వరున్నారో, ఎందులకున్నారో ప్రభుత్వమునకే తెలియదను సంగతి ఈ జాబితాల మూలమున బట్టబయలయ్యెను. క్రూరత్వము కన్న ఈ యజ్ఞానము ఘోరమైనదని మా తలంపు. క్రూరునకు తాను చేయుచున్నదేమో తెలియును.

మార్చి 9 నాటి తీర్పులో భగవతి, దేశాయి అను న్యాయమూర్తులు మఱొక అడుగు వేసిరి. విచారణ ఖైదీలు జామీను కొఱకు దరఖాస్తు పెట్టుకొనుటకు రాష్ట్ర ప్రభుత్వమే తన వ్యయమున వకీలును కుదుర్పవలెననిరి. చాలినన్ని న్యాయస్థానములు పెట్టుటయు, న్యాయాధిపతులను నియమించుటయు ప్రభుత్వపు విధియనియు, సొమ్ము లేదను సాకు చెల్లదనియు స్పష్టముగ పలికిరి. 1951లో ఖైదీని అడిగిన ప్రశ్న ఇరువదియెనిమిదేండ్లకు చేరవలసినవారిని చేరెను.

ఐనను ఒక తీర్పుతో ప్రభుత్వములు మాఱునని తలచుట అమాయకత్వము. రెండేండ్లు తిరుగకమునుపే ఆ బీహారమునందే, భాగల్పూరులో, పోలీసులు ముప్పదిమందికి పైగా నిందితుల కన్నులు పొడిచి ద్రావకము పోసి అంధులను చేసిన వార్త 1980 నవంబరులో వెలువడెను. ఈ దారుణమును వర్ణింపము. మన విషయమునకు కావలసినది వేఱు. ఆ యంధులు మేజిస్ట్రేట్ల యెదుటికి తేబడిరి. ఈ కన్నులకేమయ్యెనని మేజిస్ట్రేట్లు అడుగలేదు. వకీలును పెట్టలేదు. ఏలయన్న, వారడుగలేదు గనుక అను జవాబు వచ్చెను. రాష్ట్ర ప్రభుత్వము మరల ధనాభావమును చెప్పుకొనెను. 1980 డిసెంబరు 19న సుప్రీముకోర్టు ఈ రెండు జవాబులను త్రోసివేసెను. హక్కు కలదని ఎఱుగనివాడు ఎట్లడుగును? కావున నీకు ఉచితముగ వకీలు దొరకునని మేజిస్ట్రేటే మొదటినాడే చెప్పవలెను. ఇక సొమ్ము మాట: ఆర్థిక ఇబ్బందులు గాని పరిపాలనా కష్టములు గాని చూపి రాజ్యము తన రాజ్యాంగ విధినుండి తప్పించుకొనజాలదు.

1986లో అరుణాచల ప్రదేశమునుండి సుక్‌దాస్ అను నతని వ్యాజ్యము వచ్చెను. అతనికి వకీలు లేడు. ఉచితముగ దొరకునని ఎవ్వరును చెప్పలేదు. విచారణ జరిగి శిక్ష పడెను. ఆ లోపము వలన విచారణయే చెడెనని సుప్రీముకోర్టు శిక్షను కొట్టివేసెను. నల్లగొండ రైతులకు దొరకని తీర్పు ముప్పదియైదేండ్లకు ఈశాన్య పర్వతములలోని యొక సామాన్యునకు దొరకెను. ఈ రెండు తీర్పులను ప్రక్కప్రక్కన పెట్టి చదివిన తెలుగువానికి మనస్సు చివుక్కుమనక మానదు.

లెక్క తప్పుట ఎంత దూరము పోవునో రుదుల్ సాహ్ అను నతని కథ వలన తెలియును. ముజఫర్‌పూరు సెషన్సు కోర్టు 1968 జూన్ 3న అతడు నిర్దోషియని విడుదల చేసెను. చెఱసాలనుండి అతడు వెలుపలికి వచ్చినది 1982 అక్టోబరు 16న. నిర్దోషియని తేలిన పిమ్మట పదునాలుగేండ్లు! రామాయణమున వనవాసమునకైనను కైకేయి అడిగిన కారణమొకటి కలదు. ఇచట కారణమేమని కోర్టు అడుగగా, మతి సరిగలేదు గనుక ఉంచితిమని జైలు అధికారి చేత బీహారు ప్రభుత్వము చెప్పించెను. మతి లేదని నిర్ణయించినదెవ్వరు, వైద్యమేమి చేసిరి అనినచో కాగితము లేదు. 1983 ఆగస్టు 1న ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ గారు, అంతకుముందిచ్చిన అయిదువేలకు తోడు ముప్పదివేల రూపాయలు తాత్కాలిక పరిహారముగ ఇమ్మని ఆ ప్రభుత్వమును శాసించిరి. పదునాలుగేండ్ల బ్రదుకునకు ఆ మొత్తము ఎంత స్వల్పమో చెప్పనక్కఱలేదు. కాని అంతవఱకు ఇట్టి పిటిషన్లలో విడువుమనుటయే తప్ప సొమ్ము కట్టుమని ప్రభుత్వమును శాసించు వాడుక లేదు.

ఈ వాడుక లేకపోవుటకు ఒక ప్రాత సిద్ధాంతము మూలము. సార్వభౌమాధికారముతో చేసిన పనులలో ఉద్యోగులు తప్పుచేసినను ప్రభుత్వముపై దావా చెల్లదని కంపెనీ కాలమునుండి చెప్పుచుండిరి. 1947లో మీరట్టు పోలీసులు ఒక వర్తకుని బంగారమును పట్టి ఠాణాలో నుంచగా, అచటి హెడ్ కానిస్టేబులు దానిని హరించి పాకిస్తానమునకు పాఱిపోయెను. వర్తకుడు దావా వేసెను. పోలీసుల అజాగ్రత్త నిజమేయైనను, పట్టుకొనుట సార్వభౌమ కార్యము గనుక ప్రభుత్వము బాధ్యము కాదని 1964లో సుప్రీముకోర్టు తేల్చెను. అనగా ప్రభుత్వము తప్పుచేసిన సందర్భముననే న్యాయస్థానపు తలుపు మూసికొనుచుండెను. ఈ గొళ్లెమును సడలించుటలో మన రాయలసీమ వ్యాజ్యమొకటి పేర్కొనదగినది. 1977 మే నెల 5, 6 తేదీల నడిమి రాత్రి, నాటి కర్నూలు జిల్లా కోయిలకుంట్ల ఉపకారాగారములో నిర్బంధములోనున్న తండ్రీకొడుకులపై శత్రువులు లోనికి చొచ్చి బాంబులు వేసిరి. తండ్రి మరణించెను. తమ ప్రాణములకు అపాయమున్నదని వారు ముందే మొఱపెట్టుకొనియున్నను పోలీసులు తగిన కాపుదల పెట్టలేదు. కుటుంబమువారు వేసిన దావాను దిగువ న్యాయస్థానము కొట్టివేసెను. ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిసు బి. పి. జీవన్ రెడ్డిగారు ఆ తీర్పును త్రిప్పివైచి, ప్రాణహక్కు ముందు సార్వభౌమత్వపు సాకు నిలువదని చెప్పి, ఒక లక్ష నలువదినాలుగువేల రూపాయలు ఇప్పించిరి. రాష్ట్ర ప్రభుత్వము ఊరకుండక సుప్రీముకోర్టువఱకు అప్పీలు నడపెను. అచట 2000లో ఓడెను. మన ప్రభుత్వము బీహారు ప్రభుత్వము కన్న మెఱుగని గర్వించువారు, ఈ ఇరువదిమూడేండ్ల వాదమునకైన వ్యయము ఆ పరిహారముతో పోల్చిన ఎంతయుండునో ఆలోచింపవలెను.

ఇప్పటి సంగతి. 1987లో న్యాయసేవాధికార సంస్థల చట్టము వచ్చి 1995 నవంబరు 9న అమలయ్యెను. స్త్రీలకు, బాలలకు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి, నిర్బంధములో నున్నవారికి ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచితముగ వకీలు దొరకవలెను. ప్రతి రాష్ట్రమునకు ఒక సంస్థ, ప్రతి జిల్లాకు ఒక సంస్థ కలదు. చట్టమునకు లోపము లేదు. ఐనను 2022 డిసెంబరు 31 నాటికి దేశపు చెఱసాలలలోని 5,73,220 మంది ఖైదీలలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. అనగా నలుగురిలో మువ్వురు. ఇందఱును బీదలేయని చెప్పము. ఇందఱును నిర్దోషులనియు చెప్పము. ఘోర నేరములు చేసి సాక్షులను బెదరించువారిని విడువుమనియు మేము కోరము. మేము కోరునది బీహారమున కోర్టు కోరినదే: ఒక్కొక్కని పేరునకు ఎదురుగ తేదీయు, నేరమును, వకీలు పేరును కనబడవలెను.

కొందఱు మిత్రులు మాతో వాదించుచు, న్యాయస్థానములలో ఆలస్యమునకు న్యాయాధిపతులును వకీళ్లును కారణము గాని ప్రభుత్వమేమి చేయునందురు. ఇందు కొంత సత్యము లేకపోలేదు. వాయిదాలతో బ్రదుకు వకీళ్లను మేమెఱుగుదుము. కాని కోర్టు భవనము కట్టవలసినది, గుమాస్తాను నియమింపవలసినది, ఖైదీని వాయిదానాడు కోర్టునకు తేవలసిన పోలీసు కాపలాను పంపవలసినది ప్రభుత్వమే. కాపలా లేదని ఖైదీని కోర్టునకు తేకపోయినచో, న్యాయాధిపతి ఎంత శీఘ్రకారియైనను చేయగలదేమి? వాయిదా పడును; ఖైదీ బండెక్కకయే దినము గడచును.

2005లో చేసిన సవరణ వలన, గరిష్ఠ శిక్షలో సగము కాలము చెఱలో గడపిన విచారణ ఖైదీని, మరణదండనకు తగిన నేరములు తప్ప, జామీనుపై విడువవలెనను నియమము వచ్చెను. 2024 జులై 1న అమలునకు వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 479వ విభాగము, మొదటిసారి నేరము మోపబడినవానికి ఆ కాలమును మూడవవంతునకు తగ్గించెను. యావజ్జీవ శిక్షకు తగిన నేరములను, ఒకటికి మించిన వ్యాజ్యములున్నవారిని మాత్రము మినహాయించెను. అంతకు మునుపు పట్టుబడినవారికి సైతము ఇది వర్తించునని అదే సంవత్సరము ఆగస్టులో సుప్రీముకోర్టు చెప్పినది. ఆ విభాగములో ఒక చిన్న వాక్యము కలదు. గడువు నిండినంతనే కోర్టునకు దరఖాస్తు వ్రాయవలసినవాడు ఖైదీ కాడు, వాని బంధువు కాదు, వకీలు కాడు. చెఱసాల పర్యవేక్షకుడే వ్రాయవలెను. దినములు లెక్కించు పని ప్రభుత్వోద్యోగి నెత్తిన పడినది. హైదరాబాదులోను అమరావతిలోను శాసనసభలు కూడునప్పుడు, ఈ యేట చర్లపల్లి, చంచల్‌గూడ, రాజమహేంద్రవరము, కడప కారాగారముల పర్యవేక్షకులు అట్టి దరఖాస్తులు ఎన్ని వ్రాసిరి, గడువు నిండిన ఎందఱి పేర వ్రాయలేదు అని ఒక సభ్యుడు లేచి అడిగినచో, హోముమంత్రి సంఖ్య చెప్పవలసియుండును.